అన్నం కింద దొండకాయ

మంగళవారం పొద్దున్న ఏడున్నరకి మా ఇంట్లో దొండకాయ వేపుడు దగ్గర గొడవ జరిగింది. నేను కూర డబ్బాలో సర్దబోతుంటే మా అమ్మాయి హిమబిందు వచ్చి మూత మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఇవాళ ఈ కూర వద్దంది. పెరుగన్నం ఒక్కటీ చాలంది.

దొండకాయల్ని సన్నటి చక్రాలుగా తరగడానికి నాకు అరగంట పడుతుంది. నిలువుగా నాలుగు చీలికలు చేసి మూకుట్లో పడేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంగతి నాకెందుకు. చక్రాలైతేనే అంచులు కరకరలాడి లోపల మెత్తగా ఉంటుంది. ఆ మాటే చెప్పాను. బిందు వినలేదు. మూడో ఏడాది డిగ్రీ చదివే పిల్ల, స్నేహితుల ముందు దొండకాయ తెరవడానికి నామోషీ పడుతోందేమోనని అనుమానం వచ్చింది నాకు.

"ఎవరైనా ఏమైనా అంటున్నారా?" అని అడిగాను.

"అంటే బాగుణ్ణు. రత్నం కూడా ఇవాళ దొండకాయే తెస్తానంది."

"తెస్తే?"

"చెరో అయిదు మార్కులు పోతాయమ్మా. దానికున్నవే నలభై నాలుగు."

మావారు సూర్యచంద్రరావు గారు ఇస్త్రీ చేసుకుంటున్న చొక్కా మీంచి తల ఎత్తకుండానే, మార్కుల విషయం కాబట్టి పిల్ల చెప్పినట్టు చెయ్యమన్నారు. ఆయన ఇరిగేషన్ డివిజన్ ఆఫీసులో సూపరింటెండెంటు. మార్కులు, మార్జిన్లు, రబ్బరు స్టాంపులు అంటే ఆయనకి గౌరవం. పనిలో పనిగా, బ్యాంకు పరీక్షల కోచింగ్ ఫారం తెచ్చాననీ, తమ సెక్షన్‌లో అందరి పిల్లలూ చేరిపోయారనీ, బిందు పేరు కూడా రాసిచ్చేస్తాననీ చెప్పారు. బిందు జడ అల్లుకోవడానికి వెళ్ళిపోయింది.

నేనూ ఒకప్పుడు లెక్కల్లో బీయస్సీ చదివినదాన్నే. దొండకాయకీ మార్కులకీ మధ్య ఏ సమీకరణం రాసినా నాకు కుదరలేదు. అందుకని డబ్బా అడుగున వేపుడు పరిచి, దాని మీద అరిటాకు ముక్క కప్పి, పైన పెరుగన్నం పెట్టి మూత బిగించాను. తినేటప్పుడు చూసి సంతోషిస్తుందనుకున్నాను.

ఆ మార్కుల సంగతి ఇక్కడ చెప్పాలి.

మా ఊరి విశ్వవిద్యాలయంలో కిందటి జూన్‌లో సహచర ఒత్తిడి నిర్మూలనా విభాగం అని ఒకటి పెట్టారు. ఉద్దేశం మంచిదే. ఒకడు సిగరెట్ తాగితే పక్కవాడూ తాగడం, ఒకడు జుట్టుకి రంగేస్తే బెంచీ అంతా రంగెయ్యడం, మనమందరం చూసిందే. విభాగానికి డైరెక్టరుగా ఆచార్య కోదండపాణి గారిని వేశారు. ఆయన వృక్షశాస్త్రం వారు. పాతికేళ్ళు కలుపు మొక్కల మీద పరిశోధన చేశారు. మంచి మనిషి, నియమం తప్పని మనిషి. తన బల్ల మీది ఫ్యాను కూడా అర్జీ పెట్టుకుని వేసుకుంటారని చెప్పుకునేవారు.

ఆయన సంతకంతో వచ్చిన ఉత్తర్వు ఏడు పేజీలు. అందులో అసలు వాక్యం ఇది: "ఒక విద్యార్థి చేయు పనిని మరియొక విద్యార్థి అదే సమయమున, అదే విధముగా చేసినచో, అట్టి పని సహచర ఒత్తిడి వలన జరిగినట్లు భావించబడును. కాదని రుజువు చేసుకొను బాధ్యత సదరు విద్యార్థులదే." ప్రతి విద్యార్థికీ ఏడాది మొదట్లో వంద స్వీయత మార్కులు ఇస్తారు. తప్పు చేసినప్పుడల్లా కోస్తారు. నలభై కన్నా తగ్గితే పరీక్షకి హాల్ టికెట్ ఇవ్వరు.

మొదటి నెలలో రంగు జుట్లు పోయాయి. మా వీధిలో తల్లులందరం సంతోషించాం. రెండో నెలలో టీ దగ్గరికి వచ్చారు. క్యాంటీన్‌లో ముగ్గురు కలిసి టీ తాగాలంటే ముగ్గురూ స్వీయ సంకల్ప పత్రం రెండు ప్రతుల్లో నింపాలి. టీ తాగాలన్న కోరిక తనకి ఏ సమయంలో, ఏ ప్రదేశంలో పుట్టిందో రాయాలి. ఇద్దరి కోరికల మధ్య అయిదు నిమిషాల తేడా లేకపోతే రెండోవాడిది ఒత్తిడి కింద లెక్క. పత్రాలు సరిచూసేలోపు టీ చల్లారిపోయేది. చల్లటి టీ తాగాలని ఎవరికీ విడిగా కోరిక పుట్టలేదు కాబట్టి ఆ నేరం దానంతటదే తగ్గిపోయింది. విభాగం తన మొదటి విజయంగా దీన్ని నివేదికలో రాసుకుంది.

ఆగస్టులో నాలుగు వేల మంది విద్యార్థుల్ని మైదానంలో నిలబెట్టి, కుడి చేతులు చాపించి, "ఇతరులు చేయు పనిని నేను చేయను" అని ఒక్క గొంతుతో ప్రమాణం చేయించారు. ఒక్క కుర్రాడు మాత్రం చెయ్యి చాపకుండా నిలబడ్డాడు. అందరూ చేస్తుంటే నీకు మాత్రం ఏమొచ్చిందని ఆ అబ్బాయికి ఇరవై మార్కులు కోశారు.

తర్వాత హాజరు వంతు వచ్చింది. పేరు పిలిచినప్పుడు అందరూ ఒకే మాట పలకడం అనుకరణే కదా. దాంతో ఎవరికి వారు వేరే మాట వెతుక్కున్నారు. బిందు "ఇక్కడే" అనేది. వెనక బెంచీ వాళ్ళకి మాటలు మిగలక, ఒకడు దగ్గేవాడు, ఒకడు కుర్చీ జరిపేవాడు. వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడి కూర్చుంటే ఒక్క చప్పట్టు వినపడలేదు. మొదట కొట్టినవాడి వల్ల మిగతావాళ్ళు కొట్టారనే ప్రమాదం ఉంది. చివరికి రోల్ నంబర్ల ప్రకారం ఒక్కొక్కరూ ఒక్కో చప్పట్టు కొట్టారు. ఆయన కారెక్కి వెళ్ళిపోయాక కూడా మూడు వందల పన్నెండో నంబరు దగ్గర కొడుతూనే ఉన్నారట.

నాకు మాత్రం లెక్కల పరీక్ష సంగతి మింగుడు పడలేదు. బిందు తరగతిలో అరవై మందికి ఒక లెక్క ఇచ్చారు. నలభై ఒక్క మందికి ఒకే జవాబు వచ్చింది. ఆ నలభై ఒక్క మందికీ నోటీసులు వెళ్ళాయి. తప్పు చేసిన పంతొమ్మిది మందికీ పంతొమ్మిది రకాల జవాబులు వచ్చాయి. వాళ్ళకి స్వతంత్ర ఆలోచనా ప్రశంసా పత్రాలు ఇచ్చారు. లెక్కల మేష్టారు వెళ్ళి జవాబు అదేనని చెబితే, ఆయనకీ పాఠ్యపుస్తకానికీ కూడా అదే జవాబు వచ్చినట్టు రాసుకుని ఆయనకీ నోటీసిచ్చారు. బిందుకీ, దాని స్నేహితురాలు నూకరత్నానికీ అప్పుడే చెరో ఎనిమిది మార్కులు పోయాయి.

జనవరి నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి పరిశీలకులు డబ్బాలు చూడడం మొదలుపెట్టారు. పరిశీలకులు పన్నెండు మంది. పన్నెండు మందికీ ఒకే రకం నీలం కోటు, ఒకే రకం టోపీ. ఒకే బల్ల దగ్గర ఇద్దరి డబ్బాల్లో ఒకే కూర ఉంటే చెరో అయిదు. ఈ ఒక్క సంగతీ బిందు అంతకుముందు నాకు చెప్పలేదు.

ఆ మంగళవారం నూకరత్నం డబ్బాలో దొండకాయ పైనే ఉంది. మా పిల్ల డబ్బాలో పెరుగన్నం మాత్రమే ఉందని పరిశీలకుడు ముందుకు వెళ్ళబోయి, అరిటాకు అంచు చూసి ఆగాడట. గరిటె కాడతో అన్నం ఎత్తి చూశాడు. కింద నా చక్రాలు బయటపడ్డాయి.

సాయంత్రం బిందు ఇంటికి వచ్చి, డబ్బాకి బదులు ఒక రసీదు నా చేతిలో పెట్టింది. డబ్బాలు రెండూ సీలు వేసి జప్తు చేశారు. కూర ఒకటే అయితే అయిదు మార్కులతో పోయేది. దాచిపెట్టడంతో అది కుట్ర అయింది. రత్నం మార్కులు ముప్పై తొమ్మిదికి దిగాయి. శుక్రవారం విచారణకి తల్లులతో సహా హాజరు కావాలి.

బిందు అరవలేదు. "నువ్వు అడుగున పెట్టకపోతే దానికి నలభై నాలుగు ఉండేవమ్మా" అంది. అంతే. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

శుక్రవారం మావారికి పై అధికారి తనిఖీ ఉండటంతో నేనొక్కదాన్నే వెళ్ళాను. కోదండపాణి గారి గదిలో గోడల నిండా అద్దాల చట్రాల్లో ఎండబెట్టిన కలుపు మొక్కలు ఉన్నాయి. ఒక్కోదాని కింద దాని పేరూ, అది పాడుచేసిన పంట పేరూ రాసి ఉంది. బల్లకి ఒక పక్క బిందు, రత్నం నిలబడ్డారు. రత్నం సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. సముద్రం ఒడ్డు పల్లె నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. దాని తల్లి సత్తెమ్మ చేపల గంప పక్కింట్లో అప్పజెప్పి వచ్చానంది. కూర్చోమంటే కూర్చోలేదు.

బల్ల మధ్యలో లక్కతో సీలు వేసిన రెండు డబ్బాలు ఉన్నాయి. కోదండపాణి గారు సీళ్ళు పగలగొట్టి మూతలు తీశారు. మార్చి నెల, మూడు రోజుల నాటి కూర. పరిశీలకుడు చెప్పకుండానే వెళ్ళి కిటికీలు తెరిచాడు. కోదండపాణి గారు మాత్రం కదలకుండా, ముక్కుకి రుమాలైనా పెట్టుకోకుండా, రెండు డబ్బాల్లోనూ ఉన్నది దొండకాయేనని వృక్షశాస్త్ర నామంతో సహా ధ్రువీకరించారు.

ఆ కూర పెట్టింది నేనేననీ, పిల్లలకి తెలియదనీ, తప్పు నాదేననీ చెప్పాను.

"అమ్మా, తల్లిదండ్రులు సహచరులు కారు. అందుచేత మీ వలన కలిగిన ఒత్తిడి ఈ విభాగం పరిధిలోనికి రాదు. మీరు పరిధిలో లేని వ్యక్తిగా కూర్చోవచ్చును" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

నేను పరిధిలో లేకుండా కూర్చున్నాను.

పరిశీలకుడు తన నివేదిక చదివాడు. అందులో ఒక వింత ఉంది. నా డబ్బా రత్నం ముందు ఉంది. రత్నం డబ్బా బిందు ముందు ఉంది. ఆ రోజు పొరపాటున అలా జరగలేదు. మొదటి ఏడాది నుంచీ వీళ్ళిద్దరూ రోజూ డబ్బాలు మార్చుకునే తింటున్నారు. మా పిల్ల మూడేళ్ళుగా సత్తెమ్మ వండిన ఎండు రొయ్యల వంకాయ కూర తింటోంది. సాయంత్రం ఖాళీగా ఇంటికొచ్చే నా డబ్బా చూసుకుని నేను మూడేళ్ళుగా మురిసిపోతున్నాను.

"మీ దొండకాయంటే నాకు పేణం ఆంటీ" అంది రత్నం, తల వంచుకునే. "చక్రాలుగా కోత్తారు కదండి. మా అమ్మకి చెప్పి ఆ రోజు అలాగే కోయించానండి."

అంతమంది మధ్యలో, అంత వాసనలో కూడా, ఆ మాటకి నాకు కాస్త గర్వం కలిగిన మాట నిజం.

కోదండపాణి గారు ఏడో నంబరు పత్రం తీశారు. అందులో రెండు గళ్ళు. ఒకటి ప్రభావ కర్త, రెండోది ప్రభావ గ్రహీత. ఇద్దరిలో ఎవరు ఎవరో తేల్చాలి. కర్త గడిలో నా పేరు రాయండి సార్ అంది బిందు. నా పేరే రాయండి సార్ అంది రత్నం. ఇద్దరూ ఒకే సమయంలో ఒకే మాట అన్నట్టుగా ఆయన మార్జిన్‌లో రాసుకున్నారు.

సత్తెమ్మకి ఈ కర్తల గొడవ అర్థం కాలేదు. మా పిల్ల మంచిదని చెబితే పని జరుగుతుందనుకుంది పాపం.

"బాబుగారండి, ఆ బిందమ్మ తల్లిలాంటి పిల్లండి. మొదటేడు మా రత్నం చదువు మానేసిందండి. మా ఊళ్ళో ఆడపిల్లలందరూ రొయ్యల కంపెనీ యానెక్కి ఎల్లిపోతన్నారని ఇదీ ఎక్కేసిందండి. రొయ్యలకి తలకాయలు తీసే పనండి. ఈ బిందమ్మ రోజూ బస్సెక్కి మా ఇంటికొచ్చి గుమ్మంలో కూకునేదండి. పదకొండు రోజులు కూకుందండి. పన్నెండో రోజు యాను ఎక్కనివ్వకుండా చెయ్యి పట్టుకుని కాలేజీకి లాక్కెల్లిపోయిందండి. ఆ పిల్ల లేపోతే మా పిల్ల ఈపాటికి అక్కడే ఉండేదండి."

ఈ సంగతి కూడా నాకు తెలియదు. ఆ రోజుల్లో బిందు సాయంత్రాలు లైబ్రరీలో చదువుకుంటున్నానని చెప్పేది.

కోదండపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ ముఖంలో కోపం లేదు. కొత్త మొక్క దొరికినప్పుడు ఆ ముఖం అలాగే ఉండి ఉంటుంది.

"తొమ్మిది మాసముల నుండి నాలుగు వేల నోటీసులు ఇచ్చితిమి. ఒక్క దానియందును ఒత్తిడి నిస్సంశయముగా రుజువు కాలేదు. ఇన్నాళ్ళకు ఒక స్వచ్ఛమైన కేసు" అన్నారు. వచ్చే నెల పై నుంచి తనిఖీ సంఘం వస్తోందట. ఎన్ని కేసులు రుజువు చేశారని వాళ్ళు మొదటే అడుగుతారట.

తీర్పు అక్కడే రాశారు. కర్త అయిన హిమబిందుకి పది మార్కుల కోత, మూడు గంటల హితబోధ. గ్రహీత అయిన నూకరత్నానికి శిక్ష ఏమీ లేదు. ఆమె బాధితురాలు. బాధితులకు విభాగం చేసేది ఒక్కటే, ప్రభావానికి పూర్వపు స్థితికి పునరుద్ధరించడం. పదకొండు రోజుల ఒత్తిడి వల్ల ఆమె చదువు కొనసాగింది కాబట్టి, ఆ కొనసాగింపు చెల్లదు. పదిహేనో తేదీన ఆమె పేరు రిజిస్టరు నుంచి తొలగిస్తారు. ఆమె రొయ్యల కంపెనీకి తిరిగి వెళ్ళి, అక్కడ ఎవరూ చెప్పకుండా చదువుకోవాలన్న కోరిక తనంతట తనకి పుడితే, స్వీయ సంకల్ప పత్రంతో మొదటి సంవత్సరంలో చేరవచ్చు.

హాల్ టికెట్లు ఇచ్చేది పద్దెనిమిదిన. ఆరో సెమిస్టరు, ఆఖరి పరీక్షలు.

"అంటే మా పిల్ల మానెయ్యాలాండి?" అంది సత్తెమ్మ.

"మానుట కాదమ్మా. మానిన స్థితికి చేరుట. ఇది శిక్ష కాదు, స్వేచ్ఛ."

కంపెనీ వ్యాను కూడా ఊరి పిల్లలందరూ ఎక్కుతున్నారనే ఎక్కింది కదా, అది ఒత్తిడి కాదా అని నేను అడిగాను. ఆ ఒత్తిడి ఆవరణ వెలుపల జరిగినందున దానిని గుర్తించుటకు వీలుపడదన్నారు. రత్నం వెళ్ళేటప్పుడు బల్ల మీది రెండు డబ్బాలూ తీసుకుని, బయట కొళాయి దగ్గర తోమి, నాది నాకిచ్చింది.

ఇంటికొచ్చాక మావారికి చెప్పాను. అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. ఎన్నాళ్ళు పడుతుందంటే, మామూలుగా మూడు నెలలు, త్వరగా అయితే నాలుగు అన్నారు. విభాగం పెట్టినప్పుడు పిల్లలకి పంచిన ఆ ఉత్తర్వు ప్రతి తీసి చదువుతానన్నాను. ఏడు పేజీలుందే, ఆఖరి పేజీ చూస్తే చాలు, మా ఆఫీసులో అందరం అంతే చేస్తాం, పైన సూచిక దగ్గర్నుంచీ ఎవరు చదువుతారు అన్నారు.

నేను సూచిక దగ్గర్నుంచే చదివాను. లెక్క చేసేటప్పుడు ఇచ్చినదేమిటో చూడకుండా కనుక్కోవలసినది చూసేవాళ్ళకి మార్కులు రావు. మా కాలంలోనైతే వచ్చేవి కావు.

ప్రభుత్వ కాగితాలకి పైన సూచిక అని ఒకటి ఉంటుంది. ఏ కాగితం చూసి ఈ కాగితం పుట్టిందో అక్కడ రాస్తారు. ఆ ఉత్తర్వుకి ఆరు సూచికలు ఉన్నాయి. ఆరూ ఆరు ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల ఉత్తర్వులు. వాటి కిందే మొదటి పేరా: "పైన సూచించిన విశ్వవిద్యాలయములన్నియు ఇట్టి విభాగములను ఏర్పాటు చేసియున్నందునను, మన విశ్వవిద్యాలయము మాత్రమే ఏర్పాటు చేయకుండుట శోభించదు గనుకను…"

నేను ఆ పేరా రెండుసార్లు చదివాను. లెక్క ఒక్క వరసలో తేలింది.

శనివారం పదిన్నరకి కోదండపాణి గారి గదికి వెళ్ళాను. నన్ను చూసి, పరిధిలో లేని వ్యక్తికి అపాయింట్‌మెంట్ ఇచ్చే పద్ధతి లేదని నొచ్చుకున్నారు. అయితే కూర్చోకుండా అడుగుతానన్నాను. అది కుదిరింది. ఉత్తర్వు బల్ల మీద పరిచి, మొదటి పేరా మీద వేలు పెట్టాను.

ఆయన చదివారు. మళ్ళీ చదివారు.

"ఇది రాసినదెవరు?" అన్నారు.

"కింద సంతకం మీదేనండి."

ఆయన సంతకం చూసుకున్నారు. ఉత్తర్వు మీద సంతకం చేసేవాళ్ళు కూడా ఆఖరి పేజీయే చూస్తారని అప్పుడు అర్థమైంది నాకు.

"ఆరు విశ్వవిద్యాలయాలు పెట్టాయని ఏడోది పెట్టింది. విశ్వవిద్యాలయానికి సహచరులంటే మిగతా విశ్వవిద్యాలయాలే కదండీ" అన్నాను.

ఆయన లేచి గోడ దగ్గరకి వెళ్ళి, ఒక కలుపు మొక్క చట్రం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన మంచి మనిషని ముందే చెప్పాను. తన చేలో మొలిచింది కూడా కలుపేనని ఒప్పుకునే రకం. అదీ కాక, తనిఖీ సంఘానికి చూపించడానికి ఒక ఆడపిల్ల కేసు కన్నా ఒక విశ్వవిద్యాలయం కేసు పెద్దది.

"ప్రభావ గ్రహీత" అన్నారు చిన్న గొంతుతో. తిరిగి వచ్చి కూర్చుని, సొరుగు తెరిచి, ఏడో నంబరు పత్రం కొత్తది తీశారు. "నియమము నియమమే అమ్మా" అన్నారు.

ఆ తర్వాతి సంగతులు బిందు రోజూ కాలేజీ నుంచి వచ్చి చెప్పేది. అప్పటికి నాతో మాట్లాడడం మొదలుపెట్టింది. సోమవారం ఉపకులపతి గారికి నోటీసు వెళ్ళింది. మంగళవారం ఆయన విచారణకి హాజరై, తాను ఎవరి ఒత్తిడికీ లోను కాలేదనీ, అందరూ పెట్టారు కాబట్టి పెట్టాననీ లిఖితపూర్వకంగా చెప్పారు. ఇంతకన్నా స్వచ్ఛమైన వాంగ్మూలం తన సర్వీసులో చూడలేదని కోదండపాణి గారు నోట్ ఫైలులో రాశారు. విశ్వవిద్యాలయాన్ని ప్రభావానికి పూర్వపు స్థితికి, అంటే కిందటి మే నెల నాటి స్థితికి, పదిహేనో తేదీ ఉదయం నుంచి పునరుద్ధరించాలని తీర్పు వచ్చింది. ఆ స్థితిలో విభాగం లేదు. విభాగం లేదు కాబట్టి మార్కులు లేవు, నోటీసులు లేవు, డబ్బా కేసు లేదు. రత్నం పేరు తీసెయ్యాలన్న కాగితం మీద తేదీ పదిహేనే. ఆ రోజు దాని మీద స్టాంపు వెయ్యడానికి స్టాంపు వేసే విభాగం లేదు.

పదిహేనున పన్నెండు మంది పరిశీలకులూ పన్నెండు నీలం కోట్లు మడత పెట్టి స్టోర్స్‌లో అప్పగించారు. పది గంటలకల్లా క్యాంటీన్‌లో పాలు అయిపోయాయి. అందరికీ ఒక్కసారే టీ తాగాలనిపించిందట.

పద్దెనిమిదిన రత్నానికి హాల్ టికెట్ ఇచ్చారు. బిందు ఫోన్ చేసి ఆ ఒక్క వాక్యం చెప్పి పెట్టేసింది.

ఇరవై నాలుగున విశ్వవిద్యాలయం తన స్వంత సంకల్పంతో, ఎవరి ప్రభావమూ లేకుండా, ఆ విభాగాన్నే మళ్ళీ ఏర్పాటు చేసింది. కొత్త ఉత్తర్వులో "సూచిక: లేదు" అని ఉంది. డైరెక్టరుగా మళ్ళీ కోదండపాణి గారినే వేశారు. అయితే ఈలోపు మన విశ్వవిద్యాలయం విభాగాన్ని ఎత్తేసిందన్న వార్త మిగతా ఆరింటికీ చేరింది. అందరికన్నా పెద్ద విభాగం మనదే కాబట్టి, మనమే ఎత్తేశాక తాము ఉంచుకోవడం బాగుండదని వాళ్ళు వారం తిరక్కుండా ఆరింటినీ ఎత్తేశారు. ఇప్పుడు ఇలాంటి విభాగం మన ఒక్కరికే ఉండటం శోభిస్తుందా లేదా అనేది పాలకమండలి వచ్చే సమావేశంలో పరిశీలిస్తుంది. ఆ సమావేశం మే నెలలో. పరీక్షలు ఏప్రిల్‌లోనే అయిపోయాయి. కొత్త నీలం కోట్లు దర్జీ దగ్గర్నుంచి ఇంకా రాలేదట.

పరీక్షలైన ఆదివారం రత్నాన్నీ సత్తెమ్మనీ భోజనానికి పిలిచాం. సత్తెమ్మ వట్టి చేతులతో రాకుండా ఎండు రొయ్యల వంకాయ గిన్నెతో తెచ్చింది. ఈసారి కూర్చోమంటే కూర్చుంది. నేను కిలో దొండకాయలు చక్రాలుగా తరిగాను. వడ్డించేటప్పుడు గమనించాను. రెండు కూరలూ బల్ల మధ్యలో ఉన్నా, బిందు రొయ్యల గిన్నె తన వైపు లాక్కుంది, రత్నం దొండకాయ గిన్నె తన వైపు లాక్కుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మావారు రెండూ వేయించుకున్నారు.

సత్తెమ్మ కూర అద్భుతంగా ఉంది. ఆ మాట చెప్పక తప్పలేదు నాకు.

మాటల్లో రత్నం, లెక్కల మేష్టారు చెప్పడంతో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు పెట్టానని చెప్పింది. సత్తెమ్మ కంచంలోంచి తల ఎత్తి, "ఎవరి ముందూ యాను సంగతి ఇంక ఎత్తనులెండి" అని నాతో అంది. మావారు సంతోషించారు. ఆ సంతోషంలోనే బిందు వైపు తిరిగి, రేపు సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోందనీ, బ్యాంకు కోచింగ్‌కి తొమ్మిదింటికల్లా తయారుగా ఉండమనీ చెప్పారు.

"నేను వెళ్ళడం లేదు నాన్నా. నేనూ ఎమ్మెస్సీలో చేరుతున్నాను" అంది బిందు. "నిన్ననే దరఖాస్తు పంపించేశాను."

"మా సెక్షన్‌లో అందరి పిల్లలూ…" అని మొదలుపెట్టారు మావారు. తన మాట తనకే వినపడినట్టుంది, అక్కడ ఆగిపోయారు. కొంచెంసేపు అన్నం కలిపారు. తర్వాత ఆఫీసులో సెలవు చీటీ చూసేటప్పటి గొంతుతో, ఉన్నట్టుండి ఎమ్మెస్సీ ఏమిటి, దానికో కారణం ఉండాలి కదా అన్నారు.

"రత్నం చేరుతోంది" అంది బిందు.

ఆయన నా వైపు చూశారు. నేను దొండకాయ గిన్నె ఎత్తి ఆయన కంచంలో ఇంకో గరిటె వేశాను.

"సూచిక సరిగ్గానే ఉందండీ" అన్నాను. "సంతకం పెట్టెయ్యండి."